బీపీఈడీ పైసా వసూలేనా? చదివినవాడి రివ్యూ

ఫ్రిజ్ కొనాలంటే పది రివ్యూలు చదువుతాం. రెండేళ్లు పెట్టి చదివే కోర్సుకు మాత్రం "మా పెదనాన్న కొడుకు చేశాడు, బానే ఉన్నాడు" అన్న ఒక్క మాట చాలు మనకి. బీపీఈడీ, అంటే వ్యాయామ టీచర్ అవ్వడానికి డిగ్రీ తర్వాత చేసే కోర్సు గురించి వెతికితే దొరికేవన్నీ అడ్మిషన్ ప్రకటనలే. ఫిట్‌నెస్ రంగంలో ఉజ్వల భవిష్యత్తు అని పైన పెద్దక్షరాలు, కింద ఓ ఫోన్ నంబరు. డబ్బు లెక్క ఎవరూ చెప్పరు. నేను గుంటూరు వైపు ఒక ప్రైవేటు కాలేజీలో ఈ కోర్సు చేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సీబీఎస్ఈ స్కూల్లో పీఈటీని (వ్యాయామ టీచర్‌ని), స్కూలు అయ్యాక పర్సనల్ ట్రైనింగ్ చెప్తాను. కాబట్టి జేబు వైపు నుంచే రాస్తా. క్రీడాస్ఫూర్తి లాంటివి ఆగస్టు 15 స్పీచ్‌లో ఎలాగూ వింటారు.

తీర్పు ముందే చెప్పేస్తా, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం. బీపీఈడీ అంటే గవర్నమెంట్ పోస్టుకి అర్హత. ఆ పోస్టు తగిలితే, పెట్టిన ఖర్చుకి ఇంత తిరిగి తెచ్చే చదువులు చాలా తక్కువ. తగలకపోతే డిగ్రీ మీద వచ్చే జీతంతో ఇల్లు గడవడం కష్టం, డిగ్రీ పక్కన చేసుకునే పనులతో గడుస్తుంది. ఈ రెంటికీ మధ్య పెద్దగా ఏమీ లేదు.

ముందు ఖర్చు సంగతి. సీటు పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా వస్తుంది. రాత పరీక్ష ఉండదు, అంతా గ్రౌండ్‌లోనే. 400 మార్కులకు ఫిజికల్ ఎఫిషియెన్సీ టెస్టులు, 100 మార్కులకు మనం ఎంచుకున్న ఆటలో స్కిల్ టెస్ట్. అబ్బాయిలకు 100 మీటర్లు, 800 మీటర్లు, 6 కిలోల షాట్‌పుట్, లాంగ్ జంప్ గానీ హై జంప్ గానీ. అమ్మాయిలకు 800 బదులు 400, గుండు 4 కిలోలు. ట్యూషన్ ఫీజు ఇంజనీరింగ్ పక్కన పెట్టి చూస్తే చిల్లరే, అర్హత ఉన్నవాళ్లకు రీయింబర్స్‌మెంట్ కూడా ఉంటుంది (ఎప్పుడు పడుతుందనేది వేరే కథ, ఆ డబ్బులు వచ్చేదాకా సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలోనే ఉంటాయి). అసలు ఖర్చు ఫీజు కాదు. షూస్, ట్రాక్ సూట్, స్పైక్స్, హాస్టల్, పొద్దున ప్రాక్టీస్ చేసేవాడికి గుడ్లు, పాలు, అరటిపండ్లు. వీటికంటే పెద్దది రెండేళ్ల కాలం. టీచర్ కోర్సులకు రూల్స్ పెట్టే ఎన్‌సీటీఈ 2014 నిబంధనలు వచ్చాక ఏడాది కోర్సు రెండేళ్లయింది. మా సీనియర్లు ఏడాదిలో బయటపడి ఉద్యోగాల వేటలో పడ్డారు, మా బ్యాచ్ నుంచి డిగ్రీ మూడేళ్లు, దీనికి రెండేళ్లు, మొత్తం ఐదేళ్లు. అదే టైంలో బీకాం చేసి ఆడిటర్ దగ్గర చేరిన మా ఊరివాడు రెండేళ్ల జీతం వెనకేసుకున్నాడు. లెక్క వేసేవాళ్లు ఫీజు రసీదులతో పాటు ఆ రెండేళ్ల జీతాన్ని కూడా ఖర్చు కిందే రాసుకోవాలి. మా నాన్న రాసుకున్నాడు, అప్పుడప్పుడూ చదివి వినిపిస్తుంటాడు కూడా.

కాలేజీల క్వాలిటీ విషయంలో మాత్రం ఒళ్లు మండుతుంది. మా కాలేజీ బ్రోచర్లో 400 మీటర్ల ట్రాక్ ఉంది, జిమ్నాజియం ఉంది. వెళ్లి చూస్తే తుమ్మచెట్లు కొట్టేసిన ఖాళీ స్థలం, ఓ మూల వాలీబాల్ స్తంభాలు, జిమ్నాజియం అని బోర్డు పెట్టిన రేకుల షెడ్డులో తుప్పు పట్టిన బార్‌బెల్ ఒకటి. సగం మంది ఫీజు కట్టేసి పరీక్షలకు మాత్రమే వచ్చేవాళ్లు. వాళ్లకూ నాకూ చేతికొచ్చిన కాగితం ఒకటే. ఈ కోర్సు విలువ పడిపోవడానికి పెద్ద కారణం ఇదేనని నా గట్టి నమ్మకం. మన రాష్ట్రాల్లో యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీలు, హైదరాబాద్ దోమలగూడలో ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల లాంటివి ఉన్నాయి, వాటిలో సీటు వస్తే మారుమాట లేకుండా చేరిపోండి. బయటికి వెళ్లగలిగితే గ్వాలియర్‌లోని వ్యాయామ విద్యా సంస్థ ఎల్ఎన్ఐపీఈ, చెన్నై నందనంలో 1920 నుంచి నడుస్తున్న వైఎంసీఏ కాలేజీ ఉండనే ఉన్నాయి. రెజ్యూమేలో ఆ పేర్లు కనపడితే పెద్ద స్కూళ్ల వాళ్లు కుర్చీ చూపించి మాట్లాడతారు.

సిలబస్ మాత్రం పనికొచ్చేదే, ఇది ఒప్పుకోవాలి. అనాటమీ, ఫిజియాలజీ, కైనీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం), యోగా, అఫిషియేటింగ్ (రిఫరీ పని), టెస్ట్ అండ్ మెజర్‌మెంట్. బయటివాళ్లకు "డ్రిల్లు మాస్టారికి కూడా చదువుంటుందా" అని ఆశ్చర్యం. ట్రాక్ మార్కింగ్ ఒక్కటి చూస్తే చాలు. 400 మీటర్ల ట్రాక్‌లో లోపలి వంపు వ్యాసార్థం 36.50 మీటర్లు, లేన్ వెడల్పు 1.22. మొదటి లేన్ కొలత లోపలి అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో తీస్తారు, మిగతా లేన్లకు 20. ఒక రౌండ్ పరుగులో రెండో లేన్ వాణ్ణి 7.04 మీటర్లు ముందు నిలబెట్టాలి, మూడో లేన్ వాణ్ణి 14.70. అది పుస్తకంలో. స్కూల్లో మనకిచ్చేది పక్కన ప్రిన్సిపాల్ కారు, ఆ మూల మంచినీళ్ల ట్యాంకు ఉన్న స్థలం, అందులో 200 మీటర్లు కూడా సరిగ్గా పట్టదు, వ్యాసార్థం మనమే లెక్కగట్టి, మేకు దిగ్గొట్టి, పురికొస లాగి, సున్నం పోసుకుంటూ గుండ్రంగా తిరగాలి. తప్పు వేస్తే స్పోర్ట్స్ డే రోజు బయటి లేన్ పిల్లాడి తండ్రి ఫోన్‌లో వీడియో తీసి మరీ పంచాయితీ పెడతాడు. ఈ పని వచ్చినవాడికీ రానివాడికీ స్కూలు ఇచ్చే జీతంలో తేడా ఏమన్నా ఉందా? లేదు. నా మొదటి ఇంటర్వ్యూలో కరస్పాండెంట్ గారు అడిగింది రెండే ప్రశ్నలు. మార్చ్ పాస్ట్ చేయించగలవా, పిల్లలు నిన్ను చూస్తే భయపడతారా.

ఇక గవర్నమెంట్ ఉద్యోగం. అసలు డబ్బంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తా.

ఏపీలో స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ టీచర్ పోస్టు, వ్యాయామ విద్యకీ ఉంటుంది) స్కేల్ 44,570 తో మొదలవుతుంది, తెలంగాణలో 42,300 తో. దీని మీద డీఏ, హెచ్ఆర్ఏ. ఏపీలో కొత్తగా చేరిన స్కూల్ అసిస్టెంట్ గ్రాస్ అరవై వేలు దాటుతుంది, మీ ఊరి హెచ్ఆర్ఏ శ్లాబును బట్టి అటూ ఇటూ. పీఈటీ పోస్టు అయితే స్కేల్ తక్కువ, ఏపీలో 32,670, తెలంగాణలో 31,040 నుంచి. కేంద్రీయ విద్యాలయాల్లో వ్యాయామ టీజీటీకి (అక్కడి హైస్కూల్ స్థాయి టీచర్‌కి) కేంద్ర పే స్కేళ్లలో లెవెల్ 7, అంటే బేసిక్ 44,900, నవోదయల్లోనూ అంతే. ఏ స్కూల్లో చేరినా మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్‌కి ఎంతో, పీఈ స్కూల్ అసిస్టెంట్‌కీ అంతే. ఈ ఒక్క విషయం మా బంధువుల్లో చాలామందికి ఇప్పటికీ నమ్మశక్యం కాదు.

మరి పోస్టులెన్ని? 2025 ఏపీ మెగా డీఎస్సీ (గవర్నమెంట్ టీచర్ల భర్తీ) లో మొత్తం 16,347 పోస్టులైతే అందులో స్కూల్ అసిస్టెంట్ వ్యాయామ విద్య 1,664, పీఈటీ 132. మా వాళ్లకు పండగే అది. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఏళ్ల తరబడి గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు తప్ప ఏమీ ఉండేవి కావు, ఆ నోటిఫికేషన్ రోజు ఆగకుండా మోగింది. తెలంగాణలో 2024 డీఎస్సీ చూస్తే 11,062 పోస్టుల్లో పీఈటీలు 182 మాత్రమే. అసలు చిక్కు అంకెల్లో కంటే గ్యాపులో ఉంది. ఏపీలో అంతకుముందు పూర్తయిన డీఎస్సీ 2018ది, తెలంగాణలో అయితే 2017ది. అంటే రెండు చోట్లా ఏడేళ్లు. ఇరవై మూడేళ్లకు బీపీఈడీ పట్టా చేతికొచ్చినవాడు ముప్పై ఏళ్లకు పరీక్ష రాశాడు. ఆ ఏడేళ్లు ఏం తిని బతికాడన్నది ఏ అడ్మిషన్ ప్రకటనలోనూ ఉండదు. గురుకులాలు మధ్యలో కొంతమందిని తీసుకున్నాయి కాబట్టి సరిపోయింది.

ఇంకో పీకులాట విద్యాహక్కు చట్టంలోనే ఉంది. 2009 చట్టం షెడ్యూల్ ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే ఆర్ట్‌కీ, వర్క్ ఎడ్యుకేషన్‌కీ, ఆరోగ్య వ్యాయామ విద్యకీ ఉండాల్సింది "పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్". వంద లోపుంటే అదీ అక్కర్లేదు. చట్టమే పార్ట్ టైమ్ అన్నాక ఫుల్ టైమ్ జీతం ఎవరిస్తారు? సర్వశిక్షా కింద ఇలా పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్లుగా (పీటీఐలు) చేరిన మిత్రులు ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు, పని మాత్రం పొద్దున ప్రార్థన నుంచి సాయంత్రం బెల్లు దాకా.

పరీక్ష విషయంలో మనకో చిన్న వెసులుబాటు ఉంది. డీఎస్సీలో మిగతా టీచర్లకు 80 మార్కులు రాత పరీక్ష, 20 టెట్ (టీచర్ అర్హత పరీక్ష) వెయిటేజీ అయితే పీఈ పోస్టులకు టెట్ గొడవ లేదు, రాత పరీక్షే 100 మార్కులకు. కానీ ఇక్కడే మెడల్స్ ఉన్న మంచి ఆటగాళ్లు బోల్తా పడతారు. గ్రౌండ్‌లో పులులే, జీకే, సైకాలజీ, పర్‌స్పెక్టివ్స్ పుస్తకం తెరిస్తే నిద్ర. మా బ్యాచ్‌లో నేషనల్స్ ఆడిన కబడ్డీ ఆటగాడికి రాలేదు, కాలేజీ టీమ్‌లో ఎక్స్‌ట్రాగా కూర్చున్నవాడికి వచ్చింది. ఆడినవాడికి న్యాయం జరిగే దారి స్పోర్ట్స్ కోటా. ఏపీలో దాన్ని 3 శాతానికి పెంచారు, మెగా డీఎస్సీలో ఆ కోటా కింద 421 పోస్టులు పక్కన పెట్టి, రాత పరీక్ష లేకుండా క్రీడా సర్టిఫికెట్ల మెరిట్ మీద ఎంపిక చేశారు.

ప్రైవేటు స్కూళ్ల గురించి మర్యాదగా రాయడం కష్టం. నేను మొదట చేరిన చిన్న టౌను స్కూల్లో పద్నాలుగు వేలు. వేసవి రెండు నెలలకు జీతం లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టుకున్నారు, మధ్యలో వెళ్లిపోకుండా. పేరుకి పీఈటీ. పొద్దున గేటు దగ్గర యూనిఫాం, గోళ్లు, జుట్టు చెకింగ్, తర్వాత అసెంబ్లీ, తర్వాత ఎవరు సెలవు పెడితే వాళ్ల క్లాసు, సాయంత్రం బస్ డ్యూటీ. గేమ్స్ పీరియడ్ టైం టేబుల్లో ఉంటుంది గానీ పదో తరగతి మ్యాథ్స్ సారు నవ్వుతూ వచ్చి "ఈ ఒక్క పీరియడ్ మాస్టారూ" అని తీసుకెళ్లిపోతారు, జూన్ నుంచి మార్చి దాకా ఆ ఒక్క పీరియడ్ తిరిగి రాదు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్లకు పిల్లల్ని తీసుకెళ్తే బస్సు చార్జీలు స్కూలు ఇస్తుంది, అరటిపండ్లు, మంచినీళ్లు, ఒకడి కాలు బెణికితే స్ప్రే, అన్నీ మన జేబులోంచే.

సిటీలో సీబీఎస్ఈ స్కూళ్లు కొంత నయం. బోర్డు అఫిలియేషన్‌కు అర్హత ఉన్న వ్యాయామ టీచర్ ఉండాలి, 2018 నుంచి తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు హెల్త్ అండ్ ఫిజికల్ ఎడ్యుకేషన్ తప్పనిసరి చేశారు, ఇంటర్ స్థాయిలో ఫిజికల్ ఎడ్యుకేషన్ మార్కులున్న సబ్జెక్టు కూడా. థియరీ చెప్పగలిగినవాడికి డిమాండ్ ఉంది. నాకు తెలిసినంతలో పాతిక ముప్పై వేల నుంచి మొదలవుతాయి, ఇంటర్నేషనల్ అని పేరున్న స్కూళ్లలో ఇంకా పైన, కాకపోతే అక్కడ ఇంగ్లీషు గలగలా రావాలి, స్విమ్మింగో టెన్నిసో చేతిలో ఉండాలి. గల్ఫ్‌లో ఇండియన్ స్కూళ్లు కూడా బీపీఈడీ అడుగుతాయి. డిగ్రీ అటెస్టేషన్ చేయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి గానీ, వెళ్లినవాళ్లు మాత్రం ఇల్లు కట్టారు.

ఫిట్‌నెస్ అన్న మాట చూసి ఈ కోర్సులో చేరేవాళ్లు ఇక్కడ ఆగి చదవండి. జిమ్ ఓనర్‌కి మీ బీపీఈడీతో పనిలేదు. వాడు చూసేది మీ భుజాలు, తర్వాత మీ ఇన్‌స్టా. ఏసీఈ, ఎన్ఏఎస్ఎం లాంటి ఫిట్‌నెస్ ట్రైనర్ సర్టిఫికేషన్లు అంటే తెలుసు, యూనివర్సిటీ డిగ్రీ అంటే "అది స్కూల్ వాళ్లది కదా భయ్యా" అంటాడు. ఫ్లోర్ ట్రైనర్‌కి పదిహేను, ఇరవై వేలు, పర్సనల్ ట్రైనింగ్ క్లయింట్లు దొరికితే ఫీజులో వాటా, అది సగం దాకా జిమ్‌కే పోతుంది. జిమ్ ట్రైనర్ అవడమే లక్ష్యమైతే రెండేళ్లు వృథా చేసుకోకండి, కొన్ని నెలల సర్టిఫికేషన్ చేసి ఆ టైంలో అనుభవం సంపాదించండి. కానీ ఒకసారి క్లయింట్లు దొరికాక ఈ చదువు మెల్లగా పని చేస్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది నలభై దాటిన సాఫ్ట్‌వేర్ వాళ్లు, నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి, షుగర్. ఏ కదలికకు ఏ కండరం, ఏ కీలు మీద బరువు పడుతుంది అని చూసి వ్యాయామం మార్చగలిగినందుకే నెలలు గడిచినా మానట్లేదు. అయినా మనం ఫిజియోథెరపిస్టులం కాదు, దెబ్బకు వైద్యం చేసే అర్హత ఈ డిగ్రీ ఇవ్వదు. ఆ గీత దాటి బోర్డులు పెట్టుకున్నవాళ్లను చూస్తే భయమేస్తుంది.

కోచ్ అవ్వాలనుకునేవాళ్లకు కూడా ఇదే మాట. సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) గానీ, పెద్ద అకాడమీలు గానీ అడిగేది పటియాలా ఎన్ఐఎస్ వాళ్ల కోచింగ్ డిప్లొమా, బీపీఈడీ కాదు. రెండూ ఒకటే అనుకుని చేరినవాళ్లు మా క్లాసులోనే ఉన్నారు.

పక్క సంపాదన మాత్రం మనూళ్లలో ఎవరూ పట్టించుకోనంత ఉంది. కానిస్టేబుల్, ఎస్ఐ నోటిఫికేషన్ పడితే చాలు, మా బ్యాచ్‌మేట్ ఒకతను నరసరావుపేట వైపు పొద్దున ఐదింటికి గ్రౌండ్‌లో ఉంటాడు. 1600 మీటర్లు, 100 మీటర్లు, లాంగ్ జంప్, దాంతోపాటు అగ్నివీర్ కుర్రాళ్ల పరుగు. ప్రిలిమ్స్ పాసై ఈవెంట్స్‌లో పోతామన్న టెన్షన్‌తో వచ్చే పిల్లలు, ఒక్కొక్కరి దగ్గర కొంచెం తీసుకున్నా సీజన్లో స్కూలు జీతం దాటేస్తుంది. ఈవెంట్స్ అయిపోగానే గ్రౌండ్ ఖాళీ, మళ్లీ నోటిఫికేషన్ దాకా ఏమీ లేదు. ఏప్రిల్, మే అపార్ట్‌మెంట్ సమ్మర్ క్యాంపులు ఇంకోటి, జీతం రాని నెలల్ని అవే లాగుతాయి. డిగ్రీ ఉందని తెలిస్తే అసోసియేషన్ వాళ్లు త్వరగా ఒప్పుకుంటారు, పిల్లల్ని అప్పగించే చోట కాగితం కొంచెం బరువుగానే పలుకుతుంది.

అమ్మాయిలకైతే నా లెక్క పూర్తిగా వేరు. ఆడపిల్లల గురుకులాలు, కేజీబీవీలు, గర్ల్స్ హైస్కూళ్లు, వీటికి తోడు మహిళల రిజర్వేషన్. పోటీ పడేవాళ్లు తక్కువ. ప్రైవేటు స్కూళ్లు కూడా ఆడపిల్లల టీమ్ బయటికి వెళ్లాలంటే లేడీ పీఈటీ కోసం వెతుకుతాయి, సిటీలో లేడీస్ బ్యాచ్‌లకు ట్రైనర్లు దొరకట్లేదు. మా క్లాసులో ఉన్న కొద్దిమంది అమ్మాయిల్లో ఇప్పుడు ఖాళీగా ఉన్నవాళ్లు లేరు. ఇంట్లో "ఆడపిల్లకి గ్రౌండ్ ఉద్యోగమేంటి, నల్లబడిపోతుంది" అంటారు, ఆ మాట పక్కనపెట్టి చేరొచ్చు.

దీని పైన ఉండే పీజీ, ఎంపీఈడీ చేయాలా అని తరచూ అడుగుతారు. ఊరికే ఇంకో రెండేళ్లు కాలక్షేపానికైతే వద్దు. జూనియర్ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ పోస్టులకు అదే అర్హత, డిగ్రీ కాలేజీ అయితే దాంతోపాటు నెట్ గానీ సెట్ గానీ కావాలి, అక్కడ యూజీసీ స్కేల్ 57,700 నుంచి మొదలు. కానీ ఆ పోస్టులు పడేది డీఎస్సీ కంటే అరుదుగా. నెట్ రాసే ఓపిక ఉంటేనే అటు వెళ్లండి.

రేటింగ్ అడుగుతారు కాబట్టి: సిలబస్‌కి నాలుగు, నేను చదివిన కాలేజీకి ఒకటి (వాలీబాల్ సారు మంచివారు, అది ఆయనకి), గవర్నమెంట్ పోస్టు వస్తే ఐదు, ప్రైవేటు స్కూల్ జీతానికి ఒకటిన్నర, జిమ్‌లో ఈ డిగ్రీ విలువకి రెండు.

ఇప్పుడు డిగ్రీలో ఉండి ఆడుతున్నవాళ్లకు ఒక పని చెప్తా, ఇది పూర్తిగా డబ్బు విషయమే. స్పోర్ట్స్ కోటాకు పనికొచ్చే సర్టిఫికెట్ వేరు, గోడకు తగిలించుకునే సర్టిఫికెట్ వేరు. దేశం తరఫున ఆడితే ఫారం 1, రాష్ట్రం తరఫున నేషనల్స్ అయితే ఫారం 2, ఇంటర్ యూనివర్సిటీకి ఫారం 3, స్కూల్ నేషనల్స్‌కి ఫారం 4. టోర్నమెంట్ అయిపోయిన ఏడాదే సంబంధిత అసోసియేషన్ లేదా యూనివర్సిటీ స్పోర్ట్స్ బోర్డు సంతకం, సీలు వేయించి పెట్టుకోండి. ఆరేళ్ల తర్వాత నోటిఫికేషన్ పడ్డాక వెళ్తే అప్పటి సెక్రటరీ మారిపోయి ఉంటాడు, అసోసియేషన్ రెండు వర్గాలై ఉంటుంది, ఏ వర్గం సంతకం చెల్లుతుందో వాళ్లకే తెలియదు.